తక్సిమ్‌లో ఆ మెట్లు ఎక్కించండి

ఇస్తాంబుల్ టూర్లు నడుపుతున్న తెలుగు ట్రావెల్స్ వారికి, మైకు పట్టుకుని మమ్మల్ని ఊరంతా తిప్పే టూర్ మేనేజర్లకు నమస్కారం.

నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే గ్రౌండులో సున్నంతో గీతలు గీయించడం, పిల్లలతో ఫుట్‌బాల్ ఆడించడం, సాయంత్రం బంతులు లెక్కపెట్టుకుని గదికి తాళం వేయడం. నా ఉద్యోగమంతా ఇంతే. మా ఆవిడా నేనూ పోయిన ఏడాది మీలాంటి ఒక ట్రావెల్స్ వాళ్లతో ఇస్తాంబుల్ వెళ్లొచ్చాం. భోజనం దగ్గర్నుంచి హోటల్ గది దాకా ఎక్కడా లోటు రానివ్వలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని టూర్ మేనేజర్ కుర్రాడు చెయ్యి పట్టుకుని మరీ బస్సు ఎక్కించాడు. అందుకే ఇది ఫిర్యాదు ఉత్తరం కాదు. ఒక్క చోట మాత్రం నా మనసు చివుక్కుమంది. ఆ చోటు గురించి మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాను.

ఆఖరి రోజు సాయంత్రం బస్సు తక్సిమ్ చౌరస్తా దగ్గర ఆగింది. "ఇక్కడ పెద్దగా చూడ్డానికి ఏమీ లేదండీ, షాపింగ్ ఏరియా. గంటన్నర ఫ్రీ టైమ్. ఏడున్నరకల్లా మళ్లీ ఇక్కడికే వచ్చెయ్యండి" అని మైకులో చెప్పారు. అందరూ ఇస్తిక్‌లాల్ వీధిలోకి, ఎర్ర ట్రాము ఫొటోల కోసం, ఐస్‌క్రీమ్ కోసం వెళ్లిపోయారు. మేమిద్దరం మాత్రం ఎదురుగా ఉన్న మెట్లెక్కి గెజి పార్కులోకి వెళ్లాం. ఆ పార్కు కింద ఏముండేదో నాకు ముందే తెలుసు. ఇస్తాంబుల్ టికెట్లు తీసుకున్న రోజు నుంచీ నేను ఎదురుచూసింది ఆ మెట్ల కోసమే.

పైన చెట్లున్నాయి. బెంచీల మీద కాలేజీ పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒక బెంచీ కింద పిల్లి పడుకుని ఉంది. నేను ఒక చెట్టు మొదట్లో నిలబడి అంగలు వేయడం మొదలుపెట్టాను. మార్చింగ్‌లో అంగ అంటే 30 అంగుళాలు, అది నా కాళ్లకి అలవాటైపోయిన కొలత. 110 గజాల ఫుట్‌బాల్ కోర్టు పొడవు నడవాలంటే 132 అంగలు వేయాలి. 40 దాటేసరికి పూలమడి అడ్డొచ్చింది. చుట్టూ తిరిగి మళ్లీ లెక్క అందుకున్నాను. మా ఆవిడ బెంచీ మీంచి, "ఏవండీ, ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగింది. ఇక్కడ ఒక స్టేడియం ఉండేదని చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఎక్కడ?" అంది. మనం ఉన్న చోటే అన్నాను.

అయ్యా, ఆ చోటు పేరు తక్సిమ్ స్టేడియం. టర్కీ జాతీయ ఫుట్‌బాల్ జట్టు మొట్టమొదటి మ్యాచ్ ఆడింది అక్కడే. మీరు మమ్మల్ని చూడ్డానికి ఏమీ లేదని దింపిన చోటికి రెండు నిమిషాల నడక.

ముందు ఆ పేర్ల సంగతి చెప్తాను, మన వాళ్లకి ఇట్టే పట్టుకుంటాయి. తక్సిమ్ అంటే పంపకం. 18వ శతాబ్దంలో, మొదటి మహమూద్ సుల్తాన్ కాలంలో, ఊరికి వచ్చే నీళ్లని అక్కణ్ణించే పేటలకి పంచేవారు. ఆ నీళ్లు పంచిన రాతి కట్టడం ఇస్తిక్‌లాల్ వీధి మొదట్లో ఇప్పటికీ ఉంది. ఉర్దూలోనూ తక్సీమ్ అంటే పంచడమే కాబట్టి హైదరాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గెజి పార్కుకి రోడ్డవతల ఉన్న పేట పేరు తాలింహానె. ఆ బోర్డు చూడగానే నా ఒళ్లు పులకరించింది. మా అమలాపురంలో దసరాకి కర్రలు, కత్తులు తిప్పుతూ ఊరేగే తాలింఖానా గుర్తొచ్చింది. రెండూ ఒకే మాట, సాధన చేసే చోటని అర్థం. అక్కడ సాధన చేసింది ఫిరంగి దళం సైనికులు. 1806లో, మూడో సెలీం సుల్తాన్ కాలంలో, వాళ్ల కోసం కట్టిన పెద్ద బ్యారక్సు ఇప్పుడు గెజి పార్కు ఉన్న చోట ఉండేది. ఎదుటి ఖాళీ స్థలంలో డ్రిల్లు చేసేవారు. డ్రిల్లు మాస్టారిగా బతికిన నాకు ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగడం ఎంత గొప్పగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

ఆ బ్యారక్సు నాలుగు వైపులా భవనాలు, మధ్యలో విశాలమైన ఆవరణ. పాత ఫొటోల్లో దాని సింహద్వారం మీద ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటాలు కనిపిస్తాయి. 1909లో ఇస్తాంబుల్‌లో జరిగిన సైనిక తిరుగుబాటుని అణచడానికి వచ్చిన దళాలు దాని మీద ఫిరంగులు పేల్చాయి. అప్పుడు దెబ్బతిన్న భవనం మళ్లీ మునుపటిలా కాలేదు. 1921లో ఆ లోపలి ఆవరణని ఫుట్‌బాల్ మైదానంగా మార్చారు. దాదాపు 8,000 మంది పట్టే స్టేడియం అయింది. మైదానం ఫొటోల్లో ఉత్త మట్టి నేలలాగే కనిపిస్తుంది. మన జిల్లా పరిషత్ స్కూళ్ల గ్రౌండ్లు ఎలా ఉంటాయో అలాగే. చుట్టూ ఉన్న సైనిక భవనాల గోడలు ఆటకి ప్రహరీ అయ్యాయి.

ఇస్తాంబుల్ అప్పుడు పరాయి సైన్యాల చేతుల్లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక 1918 నవంబరు నుంచి బ్రిటిష్, ఫ్రెంచి, ఇటలీ సైన్యాలు నగరంలో తిష్ఠ వేశాయి. ఆ అయిదేళ్లలో టర్కీ క్లబ్బులు ఆ సైనికుల జట్లతో చాలా మ్యాచ్‌లు ఆడాయి. తుపాకీ పట్టుకుని వీధిలో నిలబడ్డవాడు సాయంత్రం నిక్కరు వేసుకుని ఎదురుగా నిలబడితే, అతన్ని దాటుకుని గోలు కొట్టడం ఎలాంటి సంతోషమో మనకి తెలియంది కాదు. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు బ్రిటిష్ రెజిమెంటుని ఓడించి షీల్డు గెలిచినప్పుడు దేశం ఎంత పొంగిపోయిందో చదువుకున్నాం కదా. తక్సిమ్‌లో అలాంటి రోజు 1923 జూన్ 29న వచ్చింది. బ్రిటిష్ సేనాని జనరల్ హారింగ్టన్ తన పేరు మీద పెద్ద వెండి కప్పు పెట్టాడు. సైనికుల్లోంచి ఏరి ఒక జట్టుని దింపారు. ఎదురుగా ఫెనర్‌బాచె క్లబ్. ఫెనర్‌బాచె 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్సూ జెకి రిజా అనే ఒక్క కుర్రాడివే. ఆ కప్పు ఇప్పటికీ ఫెనర్‌బాచె వాళ్ల మ్యూజియంలో ఉంది.

నెల తిరక్కుండానే లొజాన్ శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అక్టోబరు మొదటి వారంలో పరాయి సైన్యాలు ఓడలెక్కి వెళ్లిపోయాయి, 6వ తేదీన టర్కీ సైన్యం నగరంలోకి వచ్చింది. సరిగ్గా 20 రోజులకి, 1923 అక్టోబరు 26న, అదే మట్టి నేల మీదకి టర్కీ జాతీయ జట్టు మొదటిసారి దిగింది. ప్రత్యర్థి రుమేనియా. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. టర్కీ రెండు గోల్సూ మళ్లీ జెకి రిజావే. కెప్టెన్ అతని అన్న హసన్ కామిల్. కోచ్‌గా నిలబడింది అలీ సామి, 1905లో తన స్కూలు స్నేహితులతో కలిసి గలాతసరాయ్ క్లబ్బుని స్థాపించినాయన.

ఇంకో సంగతి మైకులో తప్పకుండా చెప్పండి. ఆ మ్యాచ్ జరిగిన రోజుకి టర్కీ రిపబ్లిక్ ఇంకా పుట్టలేదు. సుల్తాన్ పదవి అంతకు ముందు ఏడాదే పోయింది. రిపబ్లిక్ ప్రకటన వచ్చింది 1923 అక్టోబరు 29న, అంటే మ్యాచ్ అయిన మూడో రోజున. దేశానికి కొత్త రూపం రాకముందే దాని జట్టు వచ్చేసింది. నేను ఈ తేదీల్ని ఒక కాగితం మీద రాసుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో. జూన్ 29, అక్టోబరు 6, అక్టోబరు 26, అక్టోబరు 29. నాలుగు నెలల్లో ఒక జాతి తలరాత మారింది, అందులో రెండు రోజులు ఆ ఒక్క గ్రౌండువే.

వాళ్ల పేర్ల వెనక కూడా కథ ఉంది. అప్పటికి టర్కీలో ఇంటిపేర్లు తప్పనిసరి కాదు. 1934లో చట్టం వచ్చి అందరూ ఒక ఇంటిపేరు పెట్టుకోవాల్సి వచ్చింది. జెకి రిజా, హసన్ కామిల్ అన్నదమ్ములు స్పోరెల్ అని పెట్టుకున్నారు. అందులో ఉన్నది స్పోర్ట్సే. అలీ సామి యెన్ అని పెట్టుకున్నాడు. టర్కీ భాషలో యెన్ అంటే 'ఓడించు', 'గెలువు' అని. మనకి ఇంటిపేర్లు ఊళ్ల నుంచీ వృత్తుల నుంచీ వచ్చాయి. ఆట నుంచి ఇంటిపేరు తీసుకున్న వాళ్లని నేను అక్కడే చూశాను. జెకి రిజా జాతీయ జట్టుకి 16 మ్యాచ్‌లు ఆడి 15 గోల్స్ కొట్టాడు.

ఆ తర్వాత పదిహేనేళ్లూ నగరంలో పెద్ద మ్యాచ్ అంటే తక్సిమే. మంచి రోజులే కాదు, చెడ్డ రోజులూ చూసింది. 1934 ఫిబ్రవరి 23న గలాతసరాయ్, ఫెనర్‌బాచె మధ్య స్నేహపూర్వక మ్యాచ్ అని పెడితే, అది కొట్లాటగా మారి మధ్యలోనే ఆగిపోయింది. ఆ రెండు క్లబ్బుల మధ్య పగ ఆ రోజు నుంచే ముదిరిందని చెప్పుకుంటారు.

స్టేడియం పోవడానికి కారణం ఒక ప్లాను. ఇస్తాంబుల్‌ని కొత్త నగరంగా తీర్చిదిద్దడానికి ఆన్రి ప్రోస్త్ అనే ఫ్రెంచి నగర నిపుణుణ్ణి 1936లో పిలిపించారు. ఆయన గీసిన ప్లానులో బ్యారక్సు ఉన్న చోట పార్కు వచ్చింది. గవర్నరుగానూ మేయరుగానూ ఉన్న లుత్ఫీ కిర్దార్ హయాంలో, 1940లో, బ్యారక్సునీ స్టేడియాన్నీ కూల్చేశారు. పక్కనే ఉన్న సూర్ప్ హగోప్ ఆర్మీనియన్ శ్మశానం కూడా ఆ కాలంలోనే పోయింది. అక్కడి సమాధి రాళ్లు పార్కు మెట్లకి వాడారని రాశారు. మెట్లెక్కేటప్పుడు నేను కాస్త నెమ్మదిగా, కింద చూసుకుంటూ ఎక్కాను.

పార్కు మంచిదే. అంత ఇరుకైన ఊళ్లో చెట్ల నీడ ఉండాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. కానీ ఆటకి బదులు చోటు వెంటనే దొరకలేదు. కొండ దిగితే, దోల్మాబాహ్చె ప్యాలెస్ పక్కన, రాజుగారి గుర్రపుశాలలు ఉన్న చోట కొత్త స్టేడియానికి 1939లో శంకుస్థాపన చేశారు. యుద్ధ కాలం కావడంతో పని సాగి సాగి 1947లో గానీ తెరవలేదు. ఆ మధ్యలో మ్యాచ్‌లు జరిగిన వాటిలో ఒకటి షెరెఫ్ స్టేడియం, కాలిపోయిన చిరాగాన్ ప్యాలెస్ తోటలోది. చూడండి, ముందు బ్యారక్సు వాకిలి, తర్వాత కాలిన ప్యాలెస్ తోట, ఆ తర్వాత గుర్రపుశాలలు. అక్కడ కూడా ఆటకి దక్కింది ఎవరో వదిలేసిన చోటే. మా స్కూళ్లలో ఫుట్‌బాల్ ఆడుకున్నది కోతలయ్యాక ఖాళీ అయిన చేలల్లో. అందుకే ఆ సంగతి నాకు అంత గట్టిగా తగిలింది.

2013లో గెజి పార్కు పేరు లోకమంతా విన్నాం. పార్కు తీసేసి పాత బ్యారక్సు ఆకారంలో మళ్లీ భవనం కట్టాలన్న ప్రభుత్వ ఆలోచన, మే నెలాఖరులో చెట్ల దగ్గర మొదలైన నిరసన, అది దేశమంతా పాకడం, ప్రాణాలు పోవడం టీవీల్లో చూశాం. ఎప్పుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని గలాతసరాయ్, ఫెనర్‌బాచె, బెషిక్తాష్ అభిమానులు ఆ రోజుల్లో కలిసి నడిచారు. వాళ్ల క్లబ్బులు ఒకప్పుడు తలపడిన నేల కోసమే వాళ్లు కలిశారు. అవతలి దేశం రాజకీయాల్లోకి బస్సుని తీసుకెళ్లమని మిమ్మల్ని అడగడం లేదు. మీకుండే టెన్షన్లు నాకు తెలుసు. ఫుట్‌బాల్ వరకు చెప్పండి చాలు.

ఆ మొదటి మ్యాచ్‌కి కోచ్‌గా ఉన్న అలీ సామి యెన్ పేరు మీద తర్వాత మెజిదియెకోయ్ అనే పేటలో స్టేడియం కట్టారు. 1964 డిసెంబరు 20న టర్కీ, బల్గేరియా మ్యాచ్‌తో తెరిచారు. మాంచెస్టర్ యునైటెడ్ లాంటి జట్టు 1993లో గెలవలేక యూరోపియన్ పోటీ నుంచి ఇంటిదారి పట్టింది ఆ గ్రౌండులోనే. అది కూడా ఇప్పుడు లేదు. 2011 జనవరిలో ఆఖరి మ్యాచ్ ఆడి, గలాతసరాయ్ కొత్త స్టేడియానికి మారిపోయింది. పాత చోట ఆకాశహర్మ్యాలు లేచాయి. ఆ పనులు జరుగుతుండగా 2014 సెప్టెంబరు 6న లిఫ్టు కూలి పదిమంది కూలీలు చనిపోయారు. ఆ పేట మీదుగా బస్సు వెళ్లేటప్పుడు ఆ పదిమందిని కూడా ఒక్క మాటలో తలుచుకుంటే బాగుంటుంది. మన ఊళ్లలోనూ అపార్ట్‌మెంట్లు కట్టే చోట పోతున్నది అలాంటి వాళ్లే.

హైదరాబాద్ వాళ్లు బస్సులో ఉంటే చెప్పాల్సింది ఇంకొకటుంది. పురానీ హవేలీ దగ్గరున్న దుర్రూ షెహ్వార్ ఆసుపత్రి వాళ్లకి తెలుసు. ఆ దుర్రూ షెహ్వార్ ఆఖరి ఖలీఫా (ముస్లింల మతాధిపతి) అబ్దుల్ మజీద్ కూతురు, 1931లో నిజాం గారి పెద్ద కోడలైంది. తక్సిమ్‌లో రుమేనియాతో మ్యాచ్ జరిగిన రోజుకి ఆమెకి తొమ్మిదేళ్లు. తండ్రితో ఆ కొండ కిందున్న దోల్మాబాహ్చె ప్యాలెస్‌లోనే ఉంది. ఆమె అన్న ఒమర్ ఫారూక్ (తండ్రి ఒకరే, తల్లులు వేరు) 1920ల మొదట్లో ఫెనర్‌బాచె క్లబ్బుకి అధ్యక్షుడిగా ఉన్నాడు. మరుసటి సంవత్సరం మార్చిలో ఖలీఫా పదవి రద్దు చేసి ఆ కుటుంబాన్ని దేశం దాటించారు. మీరు ప్యాలెస్‌లో షాండిలియర్ల బరువు చెప్తారు, గదుల లెక్క చెప్తారు. మన పాతబస్తీలో ఆసుపత్రికి పేరిచ్చిన మనిషి అక్కడ పరుగెత్తి ఆడుకున్న పిల్ల అని చెప్తే, మా బస్సులో ఉన్న హైదరాబాద్ దంపతులు ఆ రాత్రి దాని గురించే మాట్లాడుకునేవారు. భోజనాల దగ్గర నేను చెప్పినప్పుడు అలాగే మాట్లాడుకున్నారు కూడా. ఆ ఆసుపత్రిలోనే తమ పెద్దబ్బాయి పుట్టాడని ఆవిడ అన్నారు.

నేనెందుకింత పట్టుపడుతున్నానో దాచకుండా చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన మొదటి స్కూలు గ్రౌండు ఇప్పుడు లేదు. కొంత భవనాలకి పోయింది, కొంత రోడ్డుకి పోయింది. అక్కడ ఆడి పోలీసు ఉద్యోగం తెచ్చుకున్న నా శిష్యుడొకడు తన కొడుకుని తీసుకొచ్చి, "మాస్టారూ, కార్నర్ కొట్టింది ఎక్కణ్ణించి?" అని అడిగితే, కాంక్రీటు మీద నిలబడి చేత్తో చూపించాను. వాడి కొడుక్కి ఏమీ కనబడలేదు. వాడికీ నాకూ మాత్రం గీత కూడా కనిపించింది. గెజి పార్కులో 132 అంగలు వేస్తున్నప్పుడు నా కళ్లలో ఆ కాంక్రీటే మెదిలింది. అక్కడ నా మాట వినడానికి మా ఆవిడ ఒక్కతే ఉంది. మిగతా 38 మంది అప్పుడు బట్టల షాపుల్లో ఉన్నారు. వాళ్లది తప్పు కాదు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

నేను అడిగేది పావుగంట. షాపింగ్ టైములోంచి తీసుకోండి, ఎవరికీ లోటు రాదు. బస్సు దిగాక ముందు రిపబ్లిక్ స్మారకం దగ్గర నిలబెట్టండి. అది 1928లో పెట్టింది, ఇటలీ శిల్పి కానోనికా చెక్కింది. రిపబ్లిక్ తేదీ అక్కడ చెప్పండి. తర్వాత మెట్లెక్కించి చెట్ల కిందికి తీసుకెళ్లి, మూడు రోజుల ముందు ఇక్కడ ఏం జరిగిందో చెప్పండి. పాత స్టేడియం ఫొటో ఒకటి పెద్ద సైజులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి బస్సులో ఉంచుకోండి. చేతిలో ఫొటో ఉంటే ఆ చెట్ల మధ్య నాలుగు గోడలు లేస్తాయి. లోకల్ గైడుతో చెప్పించినా సరే. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఊరు కాబట్టి ఆయన సంతోషంగా చెప్తాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు కష్టమైతే కిందే నిలబెట్టి పైకి చూపించండి. పిల్లలు ఉంటే అంగలు వేయించండి, వాళ్లకది బాగా నచ్చుతుంది.

మా రిటైర్డ్ టీచర్ల బృందం, మొత్తం 14 మందిమి, వచ్చే ఏప్రిల్‌లో ఇస్తాంబుల్ వెళ్లాలనుకుంటున్నాం. అందులో నలుగురు నాతోపాటు డ్రిల్లు మాస్టార్లే. రేట్లు కనుక్కోవడానికి మీలో కొందరికి ఈపాటికే ఫోన్లు చేశాం. మీరు పంపే ప్రోగ్రాం కాగితంలో తక్సిమ్ దగ్గర 'ఫ్రీ టైమ్' పైన 'గెజి పార్కు, పాత స్టేడియం, 15 నిమిషాలు' అనే లైను ఉందా లేదా అని ముందు చూస్తాం. ఆ లైను రాసినవాళ్ల దగ్గరే అడ్వాన్సు కడతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
కోనసీమ